గడ్డకట్టక ముందు దొండకాయకు ఏం జరిగింది?

అమెరికాలో భారతీయ కిరాణా దుకాణాల ఫ్రీజర్లలోకి దొండకాయ మూడు రూపాల్లో రావచ్చు. కోయకుండా నిండుగా ఉన్నది ఒకటి, చక్రాలుగా తరిగినది ఇంకొకటి, నూనెలో వేయించి ఆపైన గడ్డకట్టించినది మూడోది. కొనేవారి దృష్టిలో ఇది తీరికకు సంబంధించిన తేడా మాత్రమే. ఓడరేవులో మాత్రం ఇవి మూడు వేర్వేరు సరుకులు. అమెరికా సాధారణ సుంకాల పట్టిక ప్రకారం నిండు కాయలకు 11.3 శాతం, ముక్కలకు 14.9 శాతం, వేపుడుకు 11.2 శాతం. 2025లో భారత సరుకుపై వేసిన అదనపు సుంకాల సంగతి వేరు. ఇక్కడ చెబుతున్నది ఆ గొడవలన్నిటికీ అడుగున ఉండే అసలు పట్టిక గురించే.

ఒక కంటైనర్ సరుకు విలువ 40,000 డాలర్లు అనుకుందాం. నిండు కాయలకు 4,520 డాలర్లు కట్టాలి. అవే కాయలను గుజరాత్‌లోనో మరోచోటో కర్మాగారంలో తరిగి పంపితే 5,960 అవుతుంది. కత్తి తగిలినందుకు 1,440 డాలర్లు. తరిగిన ముక్కలను అక్కడితో వదలకుండా నూనెలో వేయిస్తే సుంకం 4,480కి దిగివస్తుంది. పని పెరిగేకొద్దీ సుంకం పెరుగుతుందని, ముడిసరుకు మీద తక్కువ, తయారైన వస్తువు మీద ఎక్కువ ఉంటుందని వాణిజ్య పాఠాలు చెబుతాయి. దొండకాయ ఆ పాఠం చదివినట్టు లేదు.

ఈ చిక్కు అర్థం కావాలంటే ముందు సంఖ్యల భాష తెలియాలి. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే హార్మొనైజ్డ్ సిస్టమ్, వాడుకలో హెచ్ఎస్, 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి రెండు అంకెలు అధ్యాయం, నాలుగు అంకెలు హెడింగ్, ఆరు అంకెలు సబ్ హెడింగ్. ఈ ఆరు అంకెల దాకా ప్రపంచమంతా ఒకటే. ఆ తర్వాత ఎవరి ఇష్టం వారిది. భారత్ ఎనిమిది అంకెల దగ్గర ఆగుతుంది, అమెరికా పది దాకా వెళ్తుంది. నిండు కాయా ముక్కలా అన్న ప్రశ్న ఈ అదనపు అంకెల్లో పుట్టింది కాబట్టి అది అమెరికాకే పరిమితం. ఐరోపా సమాఖ్య పట్టిక దొండకాయను ఆ ప్రశ్న అడగదు.

కూరగాయలది 7వ అధ్యాయం. అందులో 0710 హెడింగ్ ఫ్రోజెన్ కూరగాయలది. దాని మాటలు పొదుపుగా ఉంటాయి: పచ్చివి గానీ, ఆవిరిలో లేదా నీళ్ళలో ఉడికించినవి గానీ, గడ్డకట్టించిన కూరగాయలు. వేయించడం, కాల్చడం, మసాలా పట్టించడం ఇందులో లేవు. అలాంటి పని ఏది జరిగినా సరుకు 7వ అధ్యాయం గడప దాటి 20వ అధ్యాయంలోని 2004లో పడుతుంది. తయారుచేసిన, వెనిగర్ వాడకుండా నిల్వచేసిన ఫ్రోజెన్ కూరగాయల హెడింగ్ అది. వెనిగర్‌లో ఊరిస్తే 2001. టమాటాను తయారుచేస్తే 2002, పుట్టగొడుగులను తయారుచేస్తే 2003. ఆ రెండిటికీ సొంత ఇళ్ళున్నాయి.

అంటే ప్యాకెట్‌లో ఏముందన్న ప్రశ్న ఒక్కటే చాలదు. గడ్డకట్టక ముందు దానికి ఏం జరిగింది అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఉడకబెట్టడాన్ని 0710 ఎందుకు క్షమించింది, వేయించడాన్ని ఎందుకు క్షమించలేదు? దీనికి కారణం ఫ్యాక్టరీలో కనిపిస్తుంది. బఠాణీలను గానీ బీన్స్‌ను గానీ పచ్చిగా గడ్డకట్టిస్తే వాటిలోని ఎంజైములు చలిలో కూడా నెమ్మదిగా పనిచేస్తూ రంగును, రుచిని పాడుచేస్తాయి. అందుకే ముందుగా వేడినీళ్ళలోనో ఆవిరిలోనో కాసేపు ఉంచి వెంటనే చల్లారుస్తారు. పరిశ్రమలో దీన్ని బ్లాంచింగ్ అంటారు. ఇది వంట కాదు, నిల్వకు చేసే ఏర్పాటు. దీన్ని కూడా వంట కింద లెక్కగడితే 0710లో మిగిలేవి కొద్ది రకాలే. అదే తర్కంతో, గడ్డకట్టించే ముందు ఉప్పు గానీ పంచదార గానీ చేర్చినా కూరగాయ 0710లోనే ఉంటుందని హెచ్ఎస్ వివరణ గమనికలు చెబుతాయి. ఇతర దినుసులతో కలిపి వండిన కూరలను మాత్రం బయటికి పంపుతాయి. ఉప్పు చల్లిన ములక్కాడ ముక్క కూరగాయే. దానికి సాంబారు పొడి పట్టిస్తే అది మరో అధ్యాయపు సరుకు. నిజానికి కంటికి కనిపించని తేడా ఇది, ముఖ్యంగా పెళుసుగా మంచు పట్టిన ప్యాకెట్‌లో. ప్రయోగశాల నూనె ఆనవాళ్ళను పట్టుకోగలదు, బ్లాంచింగ్ ఎన్ని నిమిషాలు జరిగిందో చెప్పడం కష్టం. అందుకే పని తెలిసిన కస్టమ్స్ బ్రోకర్ ముందుగా అడిగేది సరుకు ఫొటో కాదు. ఫ్యాక్టరీలో కడగడం నుంచి ప్యాకింగ్ దాకా ఏ దశలో ఏం చేస్తారో రాసిన కాగితం.

ఈ గీతకు అందరికీ తెలిసిన ఉదాహరణ బంగాళాదుంప. పచ్చి దుంపను తరిగి గడ్డకట్టిస్తే 0710 10. వేళ్ళలా కోసి నూనెలో సగం వేయించి గడ్డకట్టిస్తే, అంటే హోటళ్ళకు సంచుల్లో వచ్చే ఫ్రెంచ్ ఫ్రైస్ అయితే, 2004 10. అమెరికాలో మొదటిదానికి 14 శాతం, రెండోదానికి 8 శాతం. వేయించినందుకు బహుమతి అన్నమాట. ఐరోపాలో గాలి ఎదురు దిశలో వీస్తుంది. అక్కడ 0710లోని మామూలు కూరగాయలకు సాధారణ రేటు 14.4 శాతం, 2004 90లో చివర మిగిలే ఇతర తయారీలకు 17.6 శాతం. మన దొండకాయ వేపుడును న్యూయార్క్ పంపితే లాభం, రోటర్‌డామ్ పంపితే నష్టం. ఆరు అంకెల దాకా ఒకే భాష మాట్లాడే అమెరికా, ఐరోపా రేటు దగ్గరికి వచ్చేసరికి ఒకదానికొకటి వీపు తిప్పుకుంటాయి. హెచ్ఎస్ పేర్లను మాత్రమే కలిపింది. ఎవరి రైతును ఎవరు ఎంత కాపాడుకోవాలన్నది దాని పని కాదు.

ఇక వంటింటి పేర్లు, పట్టిక పేర్లు తగువు పడే చోటు. మిగతా విషయం కంటే ఇదే తెలుగువారికి ఎక్కువ వినోదం.

అరటికాయను కూరగాయ కాదనే తెలుగు ఇల్లు ఉండదు. వేపుడుకు, బజ్జీకి, పులుసుకు పనికివచ్చేది పండెలా అవుతుంది? పట్టిక దృష్టిలో అవుతుంది. అరటి ఏ దశలో ఉన్నా 8వ అధ్యాయానిదే, కూర అరటితో సహా, తాజాదైతే 0803. గడ్డకట్టిస్తే ఫ్రోజెన్ పండ్ల హెడింగ్ 0811కి పోతుంది. అమెరికాలో ఫ్రోజెన్ అరటికి 3.4 శాతం మాత్రమే. పక్కనే ఉన్న దొండకాయ ముక్కల 14.9తో పోల్చి చూస్తే అరటికాయ ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకుందో అనిపిస్తుంది. పచ్చి మామిడికాయ, పనసపొట్టు, కొబ్బరి తురుము కూడా గడ్డకడితే 0811 దారే పడతాయి. చింతకాయ, మామిడికాయ పప్పులో వేసుకునే వారి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

దుంపల్లోనూ ఇలాంటి వేరుకాపురాలే. బంగాళాదుంప గడ్డకడితే 0710లో ఉంటుంది. చేమదుంప, చిలగడదుంప, కర్రపెండలం మాత్రం తాజావైనా, గడ్డకట్టినవైనా, ఎండినవైనా 0714లో ఉంటాయి. ఆ హెడింగ్‌లో ఒక చిన్న గొయ్యి ఉంది. తరిగినా ఫరవాలేదని అది చెబుతుంది గానీ, ఉడికించినా ఫరవాలేదని చెప్పదు. బఠాణీని ఉడికించి గడ్డకట్టిస్తే దాని ఇల్లు మారదు. చేమదుంపను ఉడికించి గడ్డకట్టిస్తే ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

చిక్కుళ్ళ కథ వృక్షశాస్త్రం తెలియనివారికి తలనొప్పి. సబ్ హెడింగ్ 0710 22 బీన్స్‌ది. కానీ అన్ని బీన్స్‌దీ కాదు, విగ్నా, ఫాసియోలస్ అనే రెండు ప్రజాతులవి మాత్రమే. బొబ్బర్ల కాయ విగ్నా కాబట్టి ఇందులోకి వస్తుంది. పేరులోనే చిక్కుడు ఉన్న మన చిక్కుడుకాయ లాబ్‌లాబ్, గోరుచిక్కుడు సయమాప్సిస్. ఈ రెండూ 0710 29లోకి, ఇతర కాయధాన్యాల వరుసలోకి వెళ్ళాలి. పచ్చి కందికాయ గింజలూ అక్కడివే. ఇంగ్లిషు లేబుల్ మీద ఇవన్నీ బీన్స్ అనే ఉంటాయి. అలాగే బచ్చలికూర ప్యాకెట్ మీద మలబార్ స్పినాచ్ అని అచ్చు వేస్తారు. పాలకూర వరుస 0710 30లో స్పినాచ్, న్యూజిలాండ్ స్పినాచ్, ఆరాచ్ అనే మూడు పేర్లే ఉన్నాయి. బచ్చలి వేరే కుటుంబపు తీగ. తోటకూర, గోంగూర, మెంతికూరలతో కలిసి అది 0710 80 అనే పెద్ద గంపలో పడాలి. లేబుల్‌ను నమ్మి సంఖ్య రాసేవారు ఇక్కడే దొరికిపోతారు. మొక్క శాస్త్రీయ నామం ఇన్వాయిస్ మీద ఉంటే సగం తగువులు పుట్టవు.

అల్లం, వెల్లుల్లి సంగతి సరేసరి. రోట్లో జంటగా నలిగే ఈ రెండూ పట్టికలో విడాకులు తీసుకున్నాయి. వెల్లుల్లి 0703 కింద కూరగాయ, అల్లం 0910 కింద సుగంధ ద్రవ్యం. మిరపకాయ మరీ విచిత్రం. పచ్చిగా ఉంటే కూరగాయ, గడ్డకట్టినా కూరగాయ, ఎండితే మాత్రం 0904లో మిరియాల పక్కన కూర్చుంటుంది. 7వ అధ్యాయం మొదట్లోని గమనికల్లో ఈ మినహాయింపు రాసి ఉంది. అదే చోట, ఆలివ్‌లు, గుమ్మడి, వంకాయ, స్వీట్ కార్న్, పుట్టగొడుగులు కూరగాయలే అని కూడా రాసి పెట్టారు. అలా రాసి పెట్టకపోతే ఏమవుతుందో కోర్టుల చరిత్ర చెబుతుంది.

అమెరికా సుప్రీంకోర్టు 1893లో నిక్స్ వర్సెస్ హెడెన్ కేసులో టమాటా పండా కూరగాయా అని తేల్చాల్సి వచ్చింది. 1883 నాటి సుంకాల చట్టం కూరగాయలపై 10 శాతం వేసింది, పండ్లను వదిలేసింది. వెస్టిండీస్ నుంచి టమాటాలు తెచ్చిన వ్యాపారులు న్యూయార్క్ రేవు కలెక్టర్‌పై దావా వేశారు. వృక్షశాస్త్రం ప్రకారం టమాటా పండేనని కోర్టు ఒప్పుకుంది. దోసకాయ, చిక్కుడు, బఠాణీ కూడా పండ్లేనని గుర్తుచేసింది. కానీ జనం మాటలో, వ్యాపారంలో వాటిని కూరగాయలంటారని, భోజనంలో తింటారు గానీ చివర్లో తీపి వంటకంగా తినరని చెప్పి సుంకం ఖాయం చేసింది. భారత సుప్రీంకోర్టు 1961లో అకోలా నుంచి వచ్చిన అమ్మకపు పన్ను కేసులో అదే కొలబద్ద వాడింది. తమలపాకు ఆకే, తినేదే, అయినా కూరగాయ కాదు; కూరగాయ అంటే పెరట్లోనో పొలంలోనో పండించి భోజనానికి వాడుకునేదని జనం అనుకునే అర్థమే తీసుకోవాలంది. మరుసటి ఏడాది బిహార్ కేసులో చెరకు పచ్చి కూరగాయ కాదని తేల్చింది. భోజనం తర్వాత తాంబూలం వేసుకునే దేశంలో తమలపాకు కేసు అంత దూరం వెళ్ళడమే ఆశ్చర్యం.

జనం మాట అనే ఈ కొలబద్ద హెచ్ఎస్ వచ్చాక వెనక్కి తగ్గింది. వర్గీకరణ సూత్రాలు ఆరింటిలో మొదటిది, హెడింగ్ మాటలు, అధ్యాయాల గమనికలు ఏం చెబితే అదే చట్టం అంటుంది. తగువు వస్తే హెచ్ఎస్ గమనికలను ఆశ్రయించడం క్షేమమని భారత సుప్రీంకోర్టు 1995లో ఉడ్ క్రాఫ్ట్ కేసులో చెప్పింది. జనం మాట ఇప్పుడు అక్కరకు వచ్చేది పట్టిక మౌనంగా ఉన్నచోటే. అరటికాయ విషయంలో పట్టిక మౌనంగా లేదు కాబట్టి బజ్జీల వాదన చెల్లదు.

అసలు గడ్డకట్టడం అంటే ఏమిటి? ఇది అమాయకమైన ప్రశ్నలా ఉంటుంది గానీ దీని మీద చాలా డబ్బు నడుస్తుంది. హెచ్ఎస్ వివరణ గమనికల ప్రకారం చల్లబరిచిన సరుకు అంటే గడ్డకట్టకుండా సున్నా డిగ్రీల దగ్గరకు తెచ్చినది. ఫ్రోజెన్ అంటే గడ్డకట్టే స్థాయికి దిగువకు తీసుకెళ్ళి లోపలి దాకా గట్టిపడినది. పైపొర గట్టిపడి మధ్యలో మెత్తగా ఉంటే చాలదు. ఐరోపా సమాఖ్యలో తాజా లేదా చల్లబరిచిన వెల్లుల్లికి 9.6 శాతంతో పాటు ప్రతి 100 కిలోలకు 120 యూరోలు కట్టాలి. ఫ్రోజెన్ వెల్లుల్లికి 14.4 శాతం, అంతే. 20 టన్నుల కంటైనర్‌కు ఆ కిలోల లెక్క సుంకమే 24,000 యూరోలు. ఇంత తేడా ఉన్నప్పుడు వెల్లుల్లికి హఠాత్తుగా చలి పట్టడంలో వింత లేదు. ఎండబెట్టే దారిలోనూ ప్రయత్నాలు జరిగాయి. కొంత తేమ మాత్రమే తీసిన వెల్లుల్లి గడ్డలు ఎండు కూరగాయలు కావని, చల్లబరిచిన వెల్లుల్లి కిందే సుంకం కట్టాలని ఐరోపా న్యాయస్థానం 2010లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన కేసులో తేల్చింది. పేరు మారాలంటే పని పూర్తిగా జరగాలి, సగం ఎండితే ఎండినట్టు కాదు. ఇదే తర్కాన్ని చలికి వర్తింపజేస్తే సగం గడ్డకట్టినది గడ్డకట్టినట్టు కాదు.

భారత్‌లోకి వచ్చే ఫ్రోజెన్ కూరగాయల విషయంలో తగువు మరో చోట ఉండేది. 0710కైనా 2004కైనా ప్రాథమిక కస్టమ్స్ సుంకం 30 శాతమే, కాబట్టి ఆ మెట్టు మీద పోట్లాడి లాభం లేదు. దిగుమతిపై వేసే ఐజీఎస్టీలో, అంటే సమీకృత జీఎస్టీలో తేడా ఉంది. 0710 కూరగాయలకు 2019 జనవరి 1 నుంచి బ్రాండు ప్యాకెట్లకు కూడా సున్నా. 2004 హెడింగ్ సరుకుకు 2025 సెప్టెంబర్ 22 దాకా 12 శాతం, ఆ తర్వాత 5 శాతం. నూనె తగిలితే పన్ను తగిలినట్టే. అమెరికా నూనెకు తగ్గింపు ఇస్తే భారత్ దానిమీద వడ్డించింది. 12 నుంచి 5కు దిగడంతో ఆ గీత మీద తగువు పడే ఉత్సాహం సగానికి పైగా చల్లారి ఉండాలి. చాలా వర్గీకరణ వివాదాలు తీర్పులతో కాక ఇలా రేట్లు దగ్గరకు రావడంతోనే చనిపోతాయి.

తగువు వచ్చినప్పుడు కూరగాయల దిగుమతిదారు మిగతావారికంటే బలహీనుడు. ఇనుము అయితే యార్డులో నెల పడి ఉన్నా ఇనుమే. ఫ్రోజెన్ సరుకును మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి. రీఫర్ కంటైనర్‌ను, అంటే చలి నిలిపే కంటైనర్‌ను రేవులో కరెంటుకు కలిపి ఉంచిన ప్రతి రోజుకూ బిల్లు నడుస్తుంది. అందుకే సూత్రం మీద నిలబడి పోరాడేవారు తక్కువ. అధికారి చెప్పిన రేటు కట్టి, అభ్యంతరం నమోదు చేసి, సరుకు విడిపించుకుని తర్వాత వాదించుకోవడమే మంచిదని బ్రోకర్లు చెబుతారు. అమెరికాలో సుంకం లెక్క ఖరారైన రోజు నుంచి అభ్యంతరానికి 180 రోజుల గడువు ఉంది. భారత్‌లో కస్టమ్స్ చట్టం సెక్షన్ 18 కింద తాత్కాలిక మదింపుతో సరుకు బయటికి తీయవచ్చు. 2011 నుంచి భారత్‌లో దిగుమతిదారే స్వయంగా సంఖ్య నిర్ణయించి బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతి ప్రకటన పత్రంలో రాయాలి. తప్పు రాస్తే బాధ్యతా తనదే.

ఇంతకంటే మంచి దారి ముందే అడగడం. భారత్‌లో ముంబయి, ఢిల్లీల్లోని అడ్వాన్స్ రూలింగ్ (ముందస్తు తీర్పు) అథారిటీలు ఇచ్చే తీర్పు మూడేళ్ళు చెల్లుతుంది, ఐరోపాలో ఇచ్చేదీ మూడేళ్ళే. అమెరికా కస్టమ్స్ తన పాత తీర్పులను ఎవరైనా వెతుక్కునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. ఆసక్తి ఉన్నవారు అందులో కాకరకాయ, ములక్కాడ పేర్లు కొట్టి చూడవచ్చు. ఒక గంట ఇట్టే గడిచిపోతుంది.

అలా రాసి అడగదగ్గ ప్రశ్నల్లో గుత్తి దొండకాయ ఒకటి. నాలుగు పక్కలా గాటు పెట్టి, తొడిమ దగ్గర విడిపోకుండా వదిలేసిన కాయ. కత్తి తగిలింది, కానీ ఒక్క ముక్క కూడా వేరు కాలేదు. పట్టిక అడిగేది పరిమాణం తగ్గిందా లేదా అని. తగ్గలేదంటే 11.3, తగ్గిందంటే 14.9. దరఖాస్తుతో పాటు నమూనా కూడా పంపడం మంచిది, లేకపోతే గుత్తి అన్న మాటను అధికారికి వివరించడానికే రెండు పేజీలు పడతాయి. ఆ గాట్లలో కారం కూరి నూనెలో మగ్గించి గడ్డకట్టిస్తే మాత్రం దరఖాస్తు అవసరమే ఉండదు. అది 2004 90, రేటు 11.2.